నూట పన్నెండు కుండీలు, ఒక్క మొక్క

నాచారంలో మా ఇంటి మేడ మీద నూట పన్నెండు కుండీలున్నాయి. అన్నిట్లోనూ ఒకే జాతి తీగ. చూడ్డానికి వచ్చినవాళ్లు "అబ్బ, ఎన్ని మొక్కలో!" అంటారు. ఒకప్పుడు ఆ మాటకే నాకు కడుపు నిండేది. ఇప్పుడు మెట్ల తలుపుకి తాళం వేసి ఉంచుతున్నాను. ఆ కుండీలన్నిట్లో ఉన్నది ఒక్కటే మొక్క. దానికి జోడు కావలసినవాటిని నేను తినేశాను.

తినడమంటే ఏదో పెద్ద మాట కోసం అంటున్నానని అనుకోకండి. నిజంగానే తొక్క తీసి, ఉప్పు అద్దుకుని తిన్నాను.

నేను ముప్ఫై ఏళ్లు ఒక ప్రభుత్వ సంస్థలో, టిష్యూకల్చర్ లాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేశాను. మంచి అరటిచెట్టు నుంచి వేలిగోరంత మొగ్గ తీసి, గాజు సీసాలో జెల్లీలాంటి ఆహారం మీద పెట్టడం, అది పిలకలు వేస్తే విడదీసి మళ్లీ సీసాల్లో పెట్టడం, ఇదే పని. ఒకటి నాలుగవుతుంది, నాలుగు పదహారవుతాయి. అన్నీ అచ్చు గుద్దినట్టు ఉండాలి. ఒకదాని ఆకు కాస్త వంకరగా వచ్చిందా, తీసి పారేయడమే. రైతుకీ కావలసింది అదే, తోట మొత్తం ఒక్కసారి గెల వేయాలి. మనం తినే అరటిపండులో మొలిచే గింజ ఉండదు కదా. ముప్ఫై ఏళ్లలో ఒక్క రోజు కూడా నేను గింజ గురించి ఆలోచించలేదు.

ఆ లాబ్ నేర్పిన రెండో సంగతి శుభ్రం. మా అమ్మమ్మ మడి దాని ముందు దిగదుడుపే. చెప్పులు బయట, చేతులకి స్పిరిట్, కత్తికి మంట. బయటి మట్టి గడప దాటకూడదు. ఒక్క సీసాలో బూజు కనబడితే ఆ వరస వరసంతా పారబోసేవాళ్లం. రిటైరయ్యాక కూడా కూరగాయలు నాలుగుసార్లు కడిగితే గాని నాకు మనసొప్పదు.

ఈ తీగ నాకు చర్లపల్లి దాటాక ఒక గుట్ట మీద దొరికింది. పదిహేనేళ్ల కిందటి మాట. మా ఆఫీసులో అందరూ అటువైపు ప్లాట్లు చూస్తున్నారని నేనూ ఒక ఆదివారం వెళ్లాను. వానాకాలం. ప్లాటు నచ్చలేదు. కాస్త ఎత్తుకి వెళ్తే గాలి వస్తుందని గుట్ట ఎక్కాను. అంతలో వెనకనుంచి ఒక కేక వినబడింది.

"ఏయ్ బిడ్డా, జర సూస్కోని అడుగెయ్యి! తీగెను తొక్కుతున్నవ్!"

మేకలు కాసుకునే మనిషి. అప్పటికే అరవై దగ్గర ఉంటుంది వయసు. నా కాలు పక్కన రెండు బండల సందులో సన్నటి తీగ, దానికి ఒక పువ్వు. నేను అలాంటి పువ్వుని ఎన్నడూ చూడలేదు. అడుగున చిన్న బుడ్డిలా ఉబ్బి, పైన సన్నటి గొట్టంలా లేచి, కొసన ఐదు రేకులూ ఒకదానికొకటి అతుక్కుని గూడు కట్టినట్టుంది. లేత ఆకుపచ్చ మీద మందారపు ఎరుపు చారలు. కింద గడ్డ ఉంటుందని, చిన్నప్పుడు తవ్వుకుని తినేవాళ్లమని ఆమె చెప్పింది. ఇప్పుడు పిల్లలెవరూ రావడంలేదట, తీగలూ తగ్గిపోయాయట. లెక్కపెడితే ఏడున్నాయి.

ఈ తీగ పేరు నేను రాయను. పేరు రాస్తే రేపే ఎవరో ఒకరు ఫోనులో అమ్మకానికి పెడతారు. ఇంకెక్కడైనా ఒకటి మిగిలి ఉంటే, నా రాత వల్ల దానికి ముప్పు రాకూడదు.

ఆ రోజు నేను ఆమెని బతిమాలి ఒక్క తీగ తీసుకున్నాను. ఒక్కటే. అడవిలో ఏడే ఉన్నప్పుడు రెండు తీయడం పాపమనిపించింది. ఆ వయసులో నా మీద నాకు భలే నమ్మకం. ఒక్క గణుపు చాలు నాకు, వెయ్యి చేస్తాను అనుకున్నాను. ఆమెకి కూడా అదే చెప్పాను. "వెయ్యా!" అని ఆమె నోరు తెరిచింది. అప్పటినుంచి నేను ఆమెని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఏటా వానలు పడగానే గుట్టకి వెళ్లి, తీగల్ని చూసి, ఆమెతో కాసేపు కూర్చుని వచ్చేదాన్ని.

మా పై సార్‌ని అడిగి లాబ్‌లో ఒక మూల నాలుగు సీసాలు పెట్టుకున్నాను. మా ఆయన నవ్వేవాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అనేవాడు. అననీ. రెండేళ్లు తిరిగేసరికి ఆ గణుపుల నుంచి మొక్కలు వచ్చాయి. వాటిని ఇసుకలోకి, ఇసుక నుంచి కుండీలోకి మార్చాను. వాటిలో మొదటి పువ్వు విచ్చిన రోజు నేను సెలవు పెట్టాను. ఎవరికైనా బిడ్డ పుట్టిందా అని సార్ అడిగారు.

శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్లకి తాంబూలంలో శనగలు, పండుతో పాటు పెరుగు డబ్బాలో ఒక మొక్క పెట్టి ఇచ్చేదాన్ని. ఉప్పల్‌లో మా ఆడపడుచు ఇంటి చుట్టుపక్కలంతా ఇచ్చాను. సైనిక్‌పురిలో ఒక బడికి పాతిక ఇచ్చాను. ప్రపంచంలో ఏడుండే మొక్కని నేను వందలు చేశానని, వాళ్లకి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగేది. దాచడమెందుకు, గర్వమే అది.

కరోనాకి ముందు ఏడాది, వేసవి చివర, పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. రెండు బస్సులు మారి, నాచారం స్టాపులో దిగి, నేను ఎప్పుడో రాసిచ్చిన చీటీ పదిమందికి చూపించుకుంటూ వచ్చింది. చంకలో గుడ్డమూట.

"గుట్టకు బాంబులు వెడ్తున్నరు బిడ్డా. ఎల్లుండి సంది మొదలట. రోడ్డేస్తరట, ప్లాట్లు జేస్తరట" అంది.

నాకు బాధ కలిగింది. కలగలేదని చెప్పను. కానీ ఆ బాధ అడుగున ఒక నిబ్బరం ఉంది. గుట్ట పోతే పోనీ, తీగ నా దగ్గర ఉంది కదా. ఆమెని మేడ మీదికి తీసుకెళ్లాను. అప్పటికి ఎనభై కుండీలుంటాయి. వేసవి కదా, తీగలు ఎండిపోయి, అడుగున గడ్డలు నిద్రపోతున్నాయి. ఒకటి రెండు కుండీల్లో మాత్రం అప్పుడే ఎర్రటి మొలక లేస్తోంది. ఆమె గొంతుకూర్చుని ఆ మొలకల్ని వేలితో తాకింది. తరవాత మూట విప్పింది. మట్టి అంటుకున్న ఆరు గడ్డలు, చిన్న ఉల్లిపాయలంత.

"గుట్ట మీదియి. ఒక్కటి ఇడ్వలె. అన్ని దెచ్చిన."

ఇక్కడ నా బుర్రలో ఏం జరిగిందో ఎన్నోసార్లు నెమరేసుకున్నాను. మొట్టమొదట నాకు కనబడింది మట్టి. గుట్ట మట్టి, అందులో ఏ పురుగుందో, ఏ బూజుందో. పరిశుభ్రంగా సీసాలో పుట్టిన నా ఎనభై మొక్కల మధ్య ఈ గడ్డల్ని దింపుతానా? రెండోది, కుండీలు ఖాళీ లేవు. మూడోది, అవసరమేముంది? ఆరు గడ్డలు ఎనభైకి ఏం కలుపుతాయి? నేను తలకాయలు లెక్కపెట్టుకున్నాను. అన్నీ ఒకే తలకాయ అని నాకు తట్టలేదు.

"ఇవి పెట్టడానికి ఇక్కడ జాగా ఎక్కడుంది పెద్దమ్మా? చిన్నప్పుడు తినేవాళ్లమని చెప్పావుగా. ఇద్దరం తిందాం" అన్నాను.

ఆమె నా ముఖం వంక చూసింది. "తిందమా?" అంది.

"తిందాం. నా దగ్గర బోలెడున్నాయి."

"సరే మరి. నీ ఇష్టం."

కింద వంటింట్లో నాలుగుసార్లు కడిగాను. తొక్క తీశాను. చక్రాలుగా కోసి, పళ్లెంలో పెట్టి, పక్కన ఉప్పు వేశాను. కరకరలాడుతూ, పచ్చికొబ్బరికీ శనక్కాయకీ మధ్య ఉండే కమ్మదనం. చివర్లో నాలుకకి సన్నటి వగరు. ఎంత బాగుందో అని రెండుసార్లు అన్నాను. తొక్కల్ని, మొలకెత్తే కళ్లున్న పైముక్కల్ని మర్నాడు పొద్దున చెత్తబండిలో వేశాను. ఆ బండి జవహర్‌నగర్ చెత్తగుట్టకి వెళ్తుందని ఈ ఊళ్లో అందరికీ తెలుసు.

బస్సు దాకా దింపాను. ఎక్కేముందు ఆమె, "బాగ సూస్కో బిడ్డా" అంది. నన్ను నేను చూసుకోమంటోందనుకున్నాను.

తరవాత కరోనా వచ్చింది, పోయింది. నేను రిటైరయ్యాను. ప్రతి వానాకాలం తీగలు లేచాయి, పూశాయి, ఎండాయి. కాయలు రాలేదు. ఈ జాతికి జంట కొమ్ముల్లా కాయలు రావాలి. అవి పగిలితే జిల్లేడు గింజల్లా దూది కట్టుకుని గాలికి ఎగరాలి. గుట్ట మీద చూశాను కదా. మేడ మీద రాకపోతే, ఊళ్లో పురుగులు లేవేమో అనుకున్నాను. పొగ, దుమ్ము, పక్కన ఇండస్ట్రియల్ ఏరియా. సర్దిచెప్పుకోవడానికి కారణాలు కరువా?

మూడేళ్ల కిందట ఒక పరిశోధక అమ్మాయి ఫోను చేసింది. వేరే జిల్లాలో కాపలా ఉన్న అడవిగుట్ట ఒకటుందట, అక్కడ ఈ తీగని మళ్లీ నాటాలని ఆశట. ఎన్నో గుట్టలు తిరిగానని, ఎక్కడా కనబడలేదని చెప్పింది. ఆమె వస్తానన్న రోజు నేను పట్టుచీర కట్టుకోలేదు గాని, అంత పనీ చేశాను. మెట్లు కడిగించాను. కుండీలకి జాజు పూయించాను.

అమ్మాయి కుండీల మధ్య చాలాసేపు తిరిగింది. సంతోషం ఆపుకోలేకపోయింది. చివరికి నోట్‌బుక్ తెరిచి అడిగింది.

"మేడమ్, ఇవి మొదట ఎన్ని మొక్కల నుంచి తీశారు?"

"ఒక్కదాని నుంచే!" అన్నాను గొప్పగా.

ఆమె కలం ఆగింది. "గింజల నుంచి వచ్చినవి ఏమైనా ఉన్నాయా?"

"గింజెందుకమ్మా? గణుపు చాలదూ?"

ఆమె మెల్లిగా చెప్పింది. పిల్లకి మర్యాద ఎక్కువ. ఈ తీగ తన పుప్పొడిని తను ఒప్పుకోదట. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకి, వేరే తల్లికి పుట్టినదానికి చేరితేనే కాయ కడుతుందట. గణుపుల నుంచి ఎన్ని తీసినా అవన్నీ ఆ మొదటి మొక్క కొమ్మలే. నాచారంలో కొమ్మ, ఉప్పల్‌లో కొమ్మ, సైనిక్‌పురి బడిలో కొమ్మ. "గుట్ట మీద నాటినా ఇది ఉన్నన్నాళ్లు ఉంటుంది మేడమ్. దీనికి వెనక ఎవరూ ఉండరు. ఒక తెగులు వస్తే ఒకేసారి పోతుంది. పక్క గుట్టదైనా సరే, రెండోది ఒకటి దొరికితే..."

నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నాకు మొక్కల గురించి చెబుతుందా? ముప్ఫై ఏళ్ల సర్వీసమ్మా నాది అన్నాను. ఇంకా ఏవో అన్నాను. కాఫీ కూడా ఇవ్వకుండా పంపాను. ఆమె మెట్లు దిగుతూ ఉండగానే నాకు గుడ్డమూట గుర్తొచ్చింది. ఆరు గడ్డలు. ఆరు వేరే తల్లుల బిడ్డలు. గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మొదలైంది. తాంబూలంలో తీసుకున్నవాళ్లందరికీ ఫోన్లు చేశాను. కాయ కాసిందా, కాయ కాసిందా? సగం మొక్కలు చచ్చాయి. మిగతావాళ్లు, "పూలు బాగా పూస్తున్నాయండీ, కాయలు కూడా కాస్తాయా?" అని నన్నే అడిగారు. ఆ అమ్మాయికి ఫోను చేసి క్షమాపణ చెప్పాను. గడ్డల సంగతి చెప్పాను.

అయినా ప్రయత్నించాను. అగ్గిపుల్లకి నా కనురెప్ప వెంట్రుక ఒకటి అతికించి, భూతద్దం పెట్టుకుని, ఒక పువ్వులోంచి పుప్పొడి ముద్ద తీసి ఇంకో పువ్వులో పెట్టాను. రెండు వానాకాలాలు అదే పని. మొండిగా ప్రతి కుండీకీ చీటీ కట్టాను. పది రోజులకి పువ్వు వాడేది, కాడతో సహా రాలేది. అన్నీ అంతే.

ఆ పూలలోకి ఈగలు రావట్లేదని నేననుకున్నది కూడా అబద్ధమే. వస్తున్నాయి. నువ్వుగింజలో సగం ఉండే ఈగలు. గొట్టం లోపల వెంట్రుకలు కిందికి వాలి ఉంటాయి, లోపలికి పోయిన ఈగ పైకి రాలేదు. ఒక రోజంతా బుడ్డిలో తిరుగుతుంది. మర్నాటికి వెంట్రుకలు వాడిపోతాయి. ఈగ మూతికి పుప్పొడి అంటించుకుని బయటపడి, ఇంకో పువ్వులో దూరుతుంది. నూట పన్నెండు కుండీల మధ్య ఒక్క మొక్క తనకి తనే కబురు పంపుకుంటోంది. అందరూ తమ పని తాము చేస్తున్నారు, ఈగలతో సహా. తప్పు చేసింది నేనొక్కదాన్నే.

ఇప్పుడు మేడ మీదికి వెళ్లాలంటే భయం. నవ్వకండి. అన్ని కుండీల్లోనూ ఒకే వారం మొలక లేస్తుంది. ఒకే పొద్దున పూలు విచ్చుతాయి. పోయిన ఏడాది ఒక ఆకు మీద నల్లమచ్చ కనబడింది, మూడో రోజుకి నూట పన్నెండింటి మీదా అదే మచ్చ, దాదాపు అదే చోట. మందు కొట్టాను, బతికాయి. బతికాయి అనకూడదేమో, బతికింది. నీళ్లు పోస్తూ వెనక్కి తిరిగితే, ఎవరో ఒక్కరే ఇన్ని చోట్ల నిలబడి నన్ను చూస్తున్నట్టుంటుంది. తిట్టదు. అడగదు. పూస్తుంది, అంతే.

ఇంకో పిచ్చి కూడా పట్టింది. వానలు పడ్డాక జవహర్‌నగర్ వైపు వెళ్లి, ఆ చెత్తగుట్ట ప్రహరీ బయట నిలబడతాను. లోపలికి రానివ్వరు. మట్టి కప్పిన చోట గడ్డి మొలిచింది. నేను పారేసిన పైముక్కల్లో ఒక్క కన్నైనా బతికి, ఎక్కడైనా పాకుతోందేమోనని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెతుకుతాను. వాచ్‌మన్ మొదట్లో ఏదైనా నగ పారేసుకున్నారా అని అడిగేవాడు. ఇప్పుడు అడగడంలేదు.

ఈ ఆగస్టులో అక్కడిదాకా వెళ్లి, పెద్దమ్మ ఇంటికి కూడా వెళ్లాను. గుట్ట పోయాక మేకలు అమ్మేసి, ఆ దగ్గర్లోనే కొడుకు అద్దెకున్న గదిలో ఉంటోంది. చూపు బాగా తగ్గింది. నా గొంతు బట్టి గుర్తుపట్టింది. ఇన్నేళ్లూ ఆమెకి ముఖం చూపించలేదు నేను. ఆమె మాత్రం చుట్టుపక్కలవాళ్లకి, మా గుట్ట తీగె నాచారంల ఒక మేడమ్ దగ్గర సల్లగున్నదని చెప్పుకుంటోందట. కోడలు నాతో అంది ఆ మాట, సంబరంగా. అది విన్నాక ఇంక దాచలేకపోయాను.

మంచం పక్కన కింద కూర్చుని చెప్పాను. నా దగ్గరున్నదంతా ఒక్కటే మొక్క అని చెప్పాను. ఒంటరిది కాయ కాయదని, ఆ రోజు మనం తిన్న ఆరు గడ్డలే దాని జోడు అని చెప్పాను. ఇంకెక్కడైనా చూసిన జ్ఞాపకముందా, చిన్నప్పుడు తిరిగిన ఏ గుట్టైనా సరే చెప్పు పెద్దమ్మా అని అడిగాను.

"యాడున్నయ్ బిడ్డా గుట్టలు" అంది. మళ్లీ తనే, "ఒంటిది కాయదని నాకెర్కే" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏమిటి ఎరుక?"

"మా అవ్వ జెప్పేది. గడ్డ తవ్వితే జోడు ఇడ్సిపెట్టి తవ్వాలె. ఒంటిదాన్ని ఇడిస్తే అది పూసుడే గని కాసుడుండదని. నువ్వు ఒక్కటే తీస్కపోయినవ్ గద. గందుకే అన్ని మూటగట్టుకోని నీ దగ్గరకొచ్చిన."

"మరి ఆ రోజు చెప్పలేదేం పెద్దమ్మా?" నా గొంతు నాకే గయ్యిమన్నట్టు వినబడింది. ఎవరి మీద అరుస్తున్నానో తెలియకుండా అరిచాను. కోడలు లోపలినుంచి తొంగి చూసింది.

ఆమె చెయ్యి గాలిలో తడుముకుని నా భుజం దొరకబుచ్చుకుంది.

"నువ్వు తిందామంటివి. సదువుకున్నదానివి, ఏండ్ల సంది గదే పని జేసేటిదానివి, నీకు తెల్వకుంటదా అనుకున్న. ఇంకేదో తరీక ఉన్నట్టున్నది సీసాలల్ల అనుకున్న. నాకు తినబుద్ధి గాలె బిడ్డా. నువ్వు తొక్క దీసి, కోసి, ఉప్పద్ది నా చేతిల వెడ్తివి. వద్దంటే నీకు బాధైతదని తిన్న."